మండపం ట్రైలర్ లాగడానికి పాత పెద్ద కారు: గ్రాండ్ మార్క్విసా, రోడ్‌మాస్టరా?

ముందే చెప్పేస్తాను. మీ ట్రైలర్ సామానుతో కలిపి 1,500 పౌండ్ల లోపే ఉంటే 2005 తర్వాతి మెర్క్యురీ గ్రాండ్ మార్క్విస్ తీసుకోండి. 3,000 దగ్గరకి వెళ్తుంటే 1994-96 బ్యూక్ రోడ్‌మాస్టర్ వ్యాగన్ వెతకండి, అదీ టోయింగ్ ప్యాకేజీ (ట్రైలర్ లాగడానికి కంపెనీయే బిగించిన సామాను) ఉన్నది మాత్రమే. రెండూ మా ఇంట్లోనే ఉన్నాయి. మార్క్విస్ ఇప్పుడు మా ఆయన ఆఫీసు కారు. రోడ్‌మాస్టర్ నాది.

నేను డాలస్ చుట్టుపక్కల పెళ్లిళ్లకి, ఓణీల ఫంక్షన్లకి, గృహప్రవేశాలకి డెకరేషన్ చేస్తాను. శని ఆదివారాలు వచ్చాయంటే స్తంభాలు, బ్యాక్‌డ్రాప్ ఫ్రేములు, ఇత్తడి కుందులు, ఊయల, పూల మాలల డబ్బాలు, నిచ్చెన, అన్నీ ట్రైలర్‌లోకి ఎక్కాలి. ఒక్కోసారి హ్యూస్టన్, ఆస్టిన్, ఓక్లహోమా సిటీ దాకా పోవాలి. మిగతా ఐదు రోజులూ అదే కారులో పిల్లల్ని స్కూల్లో దింపాలి, సరుకులు తెచ్చుకోవాలి. "పికప్ కొనుక్కోండి" అని ప్రతివాళ్లూ అన్నారు. వారంలో ఐదు రోజులు ఖాళీగా తిరిగే బండికి అంత ధర, అంత గ్యాస్ (పెట్రోల్) నాకు మనసొప్పలేదు. మినీవ్యాన్ ఎందుకు కాదంటే, ఒడిస్సీకైనా సియెన్నాకైనా లాగే పరిమితి 3,500 పౌండ్లు. కాగితం మీద నాకు సరిపోతుంది. కానీ ముందు చక్రాలు లాగే బండి వెనక బరువు వేలాడదీస్తే వాన రోజున లోడింగ్ ర్యాంప్ ఎక్కేటప్పుడు ముందు టైర్లు జారతాయి. హోటళ్ల వెనక డాక్ దగ్గర ట్రైలర్ రివర్స్ చేసేవాళ్లకి ఆ టెన్షన్ ఎలా ఉంటుందో తెలుసు. ఫోర్డ్ ఫ్లెక్స్ కూడా చూశాను. ప్యాకేజీతో 4,500 లాగుతుంది, కారు నాకు నచ్చింది కూడా. కానీ ఆ ఇంజన్‌లో వాటర్ పంప్ లోపల టైమింగ్ చైన్ దగ్గర ఉంటుంది. అది కారితే నీళ్లు ఆయిల్‌లోకి పోతాయి. పాత బండిలో ఆ రిస్క్ వద్దనుకున్నాను.

అలా మిగిలినవి పాత అమెరికన్ పెద్ద కార్లు. కింద విడిగా ఛాసిస్, ముందు వీ8, వెనక చక్రాలకి పవర్. ఫోర్డ్ వైపు క్రౌన్ విక్టోరియా, గ్రాండ్ మార్క్విస్, లింకన్ టౌన్ కార్. ఇవి మూడూ ఒకే ప్లాట్‌ఫామ్, 2011లో ఆగిపోయాయి. జీఎం (జనరల్ మోటార్స్) వైపు షెవ్రొలె కప్రీస్, ఇంపాలా ఎస్ఎస్, బ్యూక్ రోడ్‌మాస్టర్. ఇవి 1996లోనే ఆగిపోయాయి. చివరి రోజుల్లో అవి తయారైంది మన పక్కనే ఉన్న ఆర్లింగ్టన్ ఫ్యాక్టరీలో. తర్వాత అదే ఫ్యాక్టరీని టాహో లాంటి ఎస్‌యూవీలకి మార్చేశారు.

మైలేజీ గురించి ముందు ఒక మాట. పాత ప్రకటనల్లో రోడ్‌మాస్టర్ హైవే మైలేజీ గాలన్‌కి 25, 26 మైళ్లు అని ఉంటుంది. 2011 క్రౌన్ విక్టోరియాకి 24 అని ఉంటుంది. చూసినవాళ్లు పాతదే మేలనుకుంటారు. 2008 మోడల్ నుంచి అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ మైలేజీ పరీక్ష లెక్కలు మార్చింది, అంకెలు తగ్గాయి. పాత కార్లకి కూడా సవరించిన అంకెలు ప్రభుత్వ ఫ్యూయల్ ఎకానమీ సైట్‌లో పెట్టారు. పోలిస్తే అవే పోల్చండి. నా చేతిలో వచ్చినవి చెప్తాను: ట్రైలర్ లేకుండా హైవే మీద మార్క్విస్ 23, 24 ఇస్తుంది, రోడ్‌మాస్టర్ 22. ఊళ్లో మార్క్విస్ 16, 17, రోడ్‌మాస్టర్ 14, 15. రోడ్‌మాస్టర్‌కి వెనక ట్రైలర్ తగిలిస్తే 13 నుంచి 15, గాలిని బట్టి. రెండూ రెగ్యులర్ గ్యాస్‌తోనే నడుస్తాయి.

ఈ తేడా చూసి భయపడేవాళ్లు కాగితం మీద గాలన్లు లెక్కేసుకోవాలి. ఏడాదికి 10,000 మైళ్లు తిరిగితే, సగటున 17 ఇచ్చే కారు 588 గాలన్లు తాగుతుంది. 20 ఇచ్చేది 500. తేడా 88 గాలన్లు, మూడు డాలర్ల లెక్కన 264 డాలర్లు. తేలిక కారుతో బరువు లాగించి ట్రాన్స్‌మిషన్ కాల్చుకుంటే ఆ ఒక్క బిల్లులో పదేళ్ల ఆదా పోతుంది. కాబట్టి పాత కారు కొనేటప్పుడు మైలేజీలో ఒకటి రెండు మైళ్ల కోసం కొట్టుకోవడం కన్నా వెనక యాక్సిల్, కూలింగ్ ఏమున్నాయో చూడడం ముఖ్యం. కారు పొడవు, ఇంజన్ సైజు అందరికీ కనిపిస్తాయి. ఈ రెండూ కనిపించవు.

వెనక యాక్సిల్‌కి ఒక నిష్పత్తి ఉంటుంది. చక్రం ఒకసారి తిరగడానికి ఇంజన్ నుంచి వచ్చే షాఫ్ట్ ఎన్నిసార్లు తిరగాలో ఆ అంకె చెప్తుంది. సైకిల్ గేర్లలాంటిదే: అంకె పెద్దదైతే లాగడం సులువు, గ్యాస్ ఖర్చు కాస్త ఎక్కువ. మామూలు రోడ్‌మాస్టర్‌కి 2.56 యాక్సిల్ వచ్చింది. హైవే మీద తీరిగ్గా పోతుంది, కానీ కంపెనీ దానికి ఇచ్చిన పరిమితి 2,000 పౌండ్లే. వీ92 అనే టోయింగ్ ప్యాకేజీ ఉన్నదానికి 2.93 యాక్సిల్, పెద్ద కూలింగ్, వెనక భాగం బరువుకి కుంగకుండా సరిచేసే సస్పెన్షన్ వచ్చాయి. దాని పరిమితి 5,000. చూడడానికి రెండూ ఒకే కారు, ఇంజన్ కూడా అదే. 3,000 పౌండ్ల తేడా అంతా ఈ కనిపించని సామానులోనే ఉంది.

2.93తో 65 మైళ్ల స్పీడులో ఓవర్‌డ్రైవ్‌లో, అంటే అన్నిటికన్నా పై గేరులో, ఇంజన్ 1,600 ఆర్‌పీఎం చుట్టూ తిరుగుతుంది. లెక్క వేసి చెప్తున్నా, రోడ్‌మాస్టర్‌లో ఆర్‌పీఎం మీటరే లేదు. మార్క్విస్‌ది 2.73, టైర్లు చిన్నవి, దానికీ లెక్క ఇంచుమించు అంతే వస్తుంది. మరి లాగడంలో అంత తేడా ఎందుకంటే, రోడ్‌మాస్టర్‌లోది 5.7 లీటర్ల ఎల్‌టీ1 ఇంజన్. 260 హార్స్‌పవర్, దానికన్నా ముఖ్యం 330 పౌండ్-ఫీట్ల టార్క్, అంటే చక్రాన్ని తిప్పే బలం. తక్కువ ఆర్‌పీఎం దగ్గరే దాని బలం దొరుకుతుంది. మార్క్విస్‌లోని 4.6 మంచి ఇంజనే, టాక్సీల్లో, పోలీసు కార్లలో లక్షల మైళ్లు తిరిగింది. కానీ దాని టార్క్ పూర్తిగా అందేది 4,000 ఆర్‌పీఎం దగ్గరకి వెళ్లాక. ఐ-35 మీద ఓక్లహోమాలో ఆర్‌బకిల్ కొండలు ఎక్కేటప్పుడు ఈ తేడా చెవికి వినిపిస్తుంది. మార్క్విస్ ఒక గేరు దింపి అరుస్తుంది, మళ్లీ పై గేరుకి పోతుంది, మళ్లీ దింపుతుంది. రోడ్‌మాస్టర్ గేరు సెలెక్టర్‌ని ఓవర్‌డ్రైవ్‌లోంచి డీకి దింపి పెడితే మూడో గేరులో నిమ్మళంగా ఎక్కేస్తుంది. ట్రైలర్ ఉన్నప్పుడు నేను ఎప్పుడూ డీలోనే, 62 దాటకుండా పోతాను. చాలా ట్రైలర్ టైర్లకి 65 మైళ్లే పరిమితి. 55 దాటాక ఎత్తైన ట్రైలర్‌కి బరువు కన్నా గాలే ఎక్కువ గ్యాస్ తింటుంది.

మార్క్విస్‌ని తక్కువ చేయడం లేదు. దానితోనే ఈ పని మొదలైంది. అప్పట్లో చిన్న ఓపెన్ ట్రైలర్, స్తంభాలు, నాలుగు డబ్బాలు, అంతే. దానికి ఆ కారు హాయిగా సరిపోయింది. 2003లో ఫోర్డ్ దీని ఫ్రేమ్ ముందు భాగం, స్టీరింగ్, షాక్‌లు మార్చింది. తర్వాతి కార్లు చేతికి చాలా తేలిగ్గా తిరుగుతాయి. నాలుగు చక్రాలకీ డిస్క్ బ్రేకులే. ఏ వీధి చివర మెకానిక్ అయినా కళ్లు మూసుకుని బాగుచేస్తాడు, పార్టులు చవక. ట్రంక్‌లో నాలుగు పెద్ద కుందులు, స్పేర్ టైరు, ఇంకా రెండు సూట్‌కేసులు పడతాయి. మా దగ్గర సాయానికొచ్చే ఎంఎస్ కుర్రాడు మొదటిసారి చూసి, "ఏంటక్కా, పోలీసు కారు కొన్నారా?" అన్నాడు. నిజంగానే హైవే మీద ముందు వెళ్లేవాళ్లు అద్దంలో చూసి స్లో అయిపోతారు. దీని తమ్ముడు క్రౌన్ విక్టోరియానే కదా పోలీసులు వాడింది.

అయితే 2000ల నాటి ఈ ఫోర్డ్ కార్లకి కంపెనీ ఇచ్చిన పరిమితి 2,000 పౌండ్లు కూడా దాటదు. "పోలీసులు వాడారు, ఏదైనా లాగుతుంది" అనే మాట నమ్మకండి. పోలీసులు దానితో ట్రైలర్లు లాగలేదు. ఇంకో మాట. పాత పరిమితులు ఏవైనా కంపెనీలు ఎవరికి వారు వేసుకున్నవి. ఇప్పుడు వాడే ఎస్ఏఈ జే2807 అనే ఉమ్మడి పరీక్ష అప్పటికి లేదు. అందుకే రోడ్‌మాస్టర్ 5,000 అంకెని కూడా నేను పూర్తిగా వాడను. 3,000 నా గీత.

మార్క్విస్ కొనేవాళ్లు చూడాల్సినవి. 1996 నుంచి 2001 దాకా వచ్చిన 4.6 ఇంజన్లలో ఇన్‌టేక్ మానిఫోల్డ్ (ఇంజన్‌లోకి గాలి పంపే భాగం) మొత్తం ప్లాస్టిక్. ముందు వైపు కూలెంట్ పోయే చోట చీలుతుంది. దీని గురించి కార్లు కొన్నవాళ్లంతా కలిసి ఫోర్డ్ మీద వేసిన దావా (క్లాస్ యాక్షన్) కూడా నడిచింది. ఆ చోట అల్యూమినియం ఉన్న మానిఫోల్డ్ వేశారో లేదో టార్చ్ వేసి చూడండి. 2003 నుంచి 2005 వాటిలో లైటింగ్ కంట్రోల్ మాడ్యూల్ వేడెక్కి హెడ్‌లైట్లు ఉన్నట్టుండి ఆరిపోతాయి. టెస్ట్ డ్రైవ్‌కి పగలు వెళ్లినా సరే, లైట్లు వేసి అరగంట వదిలేయండి. వెనక ఎయిర్ స్ప్రింగ్స్ ఉన్న కారైతే రాత్రంతా ఆగిన తర్వాత పొద్దున్నే వెళ్లి చూడాలి. వెనక భాగం కిందికి కూర్చుని ఉంటే గాలి కారుతోందన్నమాట. అమ్మేవాడు మనం వచ్చేలోపే స్టార్ట్ చేసి పెడితే కంప్రెసర్ మళ్లీ లేపేస్తుంది, కాబట్టి చెప్పిన టైం కన్నా ముందే వెళ్లండి. డోర్ పక్కన ఉన్న స్టిక్కర్ మీద యాక్సిల్ కోడ్ ఉంటుంది, ఫోటో తీసుకుని ఇంటికొచ్చి చూసుకోవచ్చు.

ఇక రోడ్‌మాస్టర్. దీని పొడవు 217 అంగుళాల పైచిలుకు, అంటే 18 అడుగులు. మా గరాజ్ తలుపు పడడానికి లోపలి షెల్ఫులు పీకేయాల్సి వచ్చింది. పక్కలకి చెక్కలా కనిపించే వినైల్ అతికించి ఉంటుంది. టెక్సస్ ఎండకి అది మాడి పెచ్చులు లేస్తుంది. పైన సీలింగ్ గుడ్డ వేలాడుతుంది. చివరి సీటు వెనక్కి తిరిగి ఉంటుంది, పిల్లలు దానికోసం కొట్టుకుంటారు. వెనక తలుపు రెండు రకాలుగా తెరుచుకుంటుంది: కిందికి వాల్చొచ్చు, లేదా పక్కకి తీయొచ్చు. పై గ్లాసు విడిగా లేస్తుంది. ట్రైలర్ తగిలించి ఉన్నప్పుడు నాకు ఆ గ్లాసే ప్రాణం. తలుపు వాలిస్తే ట్రైలర్ జాక్‌కి తగులుతుంది, గ్లాసు ఎత్తి పూల డబ్బాలు అందుకోవచ్చు. సీట్లు మడిస్తే నాలుగు బై ఎనిమిది ప్లైవుడ్ షీటు పడుకోబెట్టొచ్చు. స్టేజీ మెట్లకి ఆ షీట్లు ఎప్పుడూ కావాలి.

ఒకే ఇబ్బంది మనవాళ్లతో. ఈ కార్ల మీద శవాల బండ్లు కూడా కట్టేవాళ్లు. నల్ల వ్యాగన్ అయితే అచ్చం అలాగే కనిపిస్తుంది. ఫ్రిస్కోలో ఒక పెళ్లింటి ముందు ఆపితే పెళ్లికూతురి అమ్మమ్మగారు బయటికొచ్చి, "శుభమా అని పెళ్లి చేసుకుంటుంటే ఆ బండేంటమ్మా వాకిట్లో, కాస్త అవతల పెట్టుకో" అన్నారు. నాది మెరూన్ రంగు, అయినా అన్నారు. అప్పటినుంచి సామాను దించి వీధి చివర పార్క్ చేస్తాను. నల్లది మాత్రం కొనకండి, చవగ్గా వచ్చినా.

కొనేముందు చూడాల్సింది ఒక కాగితం. జీఎం ప్రతి కారులోనూ ఆప్షన్ కోడ్లున్న స్టిక్కర్ పెట్టింది. సెడాన్‌లో ట్రంక్ మూత లోపలి వైపు, వ్యాగన్‌లో వెనక పక్కన ఉండే చిన్న సామాన్ల అర మూత దగ్గర. చిన్న చిన్న మూడక్షరాల కోడ్లు వరసగా ఉంటాయి, వాటిలో వీ92 వెతకాలి. జీ80 అని కూడా ఉంటే లిమిటెడ్ స్లిప్ ఉన్నట్టు, అంటే వాన రోజు ర్యాంప్ మీద రెండు చక్రాలూ పట్టుకుంటాయి. స్టిక్కర్ చిరిగిపోయి ఉంటే బానెట్ తెరవండి. టోయింగ్ ప్యాకేజీ కారుకి రేడియేటర్ వెనక ఒకవైపు ఇంజన్ తిప్పే పెద్ద ఫ్యాన్, రెండోవైపు ఎలక్ట్రిక్ ఫ్యాన్ ఉంటాయి. మామూలు కారుకి రెండూ ఎలక్ట్రిక్కే. తర్వాత వెనక బంపర్ మీద ఇద్దరు కూర్చుని, కారు ఆన్ చేయించండి. కాసేపటికి కంప్రెసర్ గుర్రుమని వెనక భాగం పైకి లేవాలి. లేవకపోతే లెవెలింగ్ పనిచేయడం లేదు, ధర తగ్గించమని అడగండి.

కప్రీస్ సెడాన్ చూసేవాళ్లకి ఒక జాగ్రత్త. 1994-96లో దానికి 4.3 లీటర్ల చిన్న వీ8 కూడా వచ్చింది, 200 హార్స్‌పవర్. బయటికి తేడా తెలియదు. విన్ నంబర్‌లో (కారు గుర్తింపు నంబరు) ఎనిమిదో అక్షరం పీ అయితే 5.7, డబ్ల్యూ అయితే 4.3. చిన్న ఇంజన్ కదా గ్యాస్ బాగా మిగులుతుందనుకుంటారు. హైవే మీద పెద్ద తేడా ఉండదు, ఎందుకంటే అదే బరువు, అదే గాలి.

ఎల్‌టీ1 ఇంజన్‌కి పేరుమోసిన జబ్బు ఒకటుంది: ఆప్టిస్పార్క్. స్పార్క్ టైమింగ్ చూసే ఈ డిస్ట్రిబ్యూటర్‌ని తీసుకెళ్లి ఇంజన్ ముందు, సరిగ్గా వాటర్ పంప్ కింద పెట్టారు. పంప్ కారడం మొదలైతే కూలెంట్ దాని మీదే పడుతుంది. ఆ తర్వాత తడిగా ఉన్న రోజుల్లో ఇంజన్ దగ్గుతుంది, చివరికి ఆగిపోతుంది. పంప్ అడుగున చిన్న రంధ్రం ఉంటుంది. దాని కింద వేలు పెట్టి చూడండి. తడి తగిలినా, ఎండిన కూలెంట్ మరక కనిపించినా పంపూ ఆప్టిస్పార్కూ రెండూ మార్చే ఖర్చు ధరలోంచి తీసేయండి. పార్టులు, కూలీ కలిపి వెయ్యి డాలర్లు దాటొచ్చు. నేను కొన్నాక మొదట చేయించింది ఈ పనే. మొదట తీసుకెళ్లిన షాపువాళ్లు చవక రకం ఆప్టిస్పార్క్ వేశారు, వానాకాలం రాగానే మళ్లీ దగ్గు. రెండో మెకానిక్ పార్టు చేతిలో తిప్పి చూసి నవ్వాడు. ఈ ఒక్క పార్టులో పైసలు చూసుకోకండి.

ఏడాది ఎంచుకునే వీలుంటే 1996 మంచిది, కారు కంప్యూటర్‌కి స్కానర్ తగిలించే ఓబీడీ2 ఉంటుంది. మామూలు ఇరవై డాలర్ల స్కానర్‌తో కోడ్లు చదవొచ్చు. 1994, 95 వాటికి ఆ సుఖం లేదు. 1993, అంతకుముందువి నాకు వద్దు. ఎల్‌టీ1 ఇంజన్ కాదు, ఏసీ గ్యాస్ కూడా పాత రకం. సేఫ్టీ విషయంలో దాపరికం లేకుండా చెప్పాలంటే, ఎయిర్ బ్యాగులు రెండు, ఏబీఎస్ ఉన్నాయి, వ్యాగన్‌కి వెనక డ్రమ్ బ్రేకులు, స్టెబిలిటీ కంట్రోల్ లేదు. ట్రైలర్ ఊగితే సరిచేసేది మన కాలూ చెయ్యే. అందుకే ఖర్చు దగ్గర వెనకాడకుండా ట్రైలర్‌కి బ్రేకులు, కారులో బ్రేక్ కంట్రోలర్, బరువుని ముందు చక్రాలకి కూడా పంచే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ (ట్రైలర్ తగిలించే కొక్కెం) పెట్టించాను. టెక్సస్‌లో 4,500 పౌండ్ల దాకా ట్రైలర్ బ్రేకులు తప్పనిసరి కాదు. చాలా రాష్ట్రాల్లో 3,000 దగ్గరే రూలు మొదలవుతుంది. ఒంటి యాక్సిల్ ట్రైలర్ల మీద 2,990 అని విచిత్రమైన అంకె ముద్రించేది ఆ రూలు తప్పించుకోవడానికే. కాలిఫోర్నియాలో అయితే క్యాంపింగ్ ట్రైలర్లకి 1,500కే బ్రేకులు కావాలి, ఏ ట్రైలర్‌తోనైనా 55 దాటకూడదు.

సామాను బరువు కంటితో అంచనా వేయొద్దు. హైవే పక్కన ట్రక్ స్టాపుల్లో క్యాట్ స్కేల్ అనే బండ్లు తూచే కాటా ఉంటుంది, పదిహేను డాలర్ల చుట్టూ తీసుకుని కాగితం ఇస్తారు. నా ట్రైలర్ పెళ్లి సామానుతో 2,600 వచ్చింది. ఇత్తడి కుందులు అంత బరువని అప్పటిదాకా ఇంట్లో ఎవరూ నమ్మలేదు. హిచ్ మీద పడే బరువు మొత్తంలో పది నుంచి పదిహేను శాతం ఉండాలి. అందుకే కుందుల డబ్బాలు యాక్సిల్‌కి కాస్త ముందుకి, ఊయల వెనక్కి. తిరగేసి సర్దితే ట్రైలర్ తోక ఆడిస్తుంది.

రిజిస్ట్రేషన్ సంగతి. టెక్సస్‌లో పొగ పరీక్ష ఉన్న కౌంటీల్లో డాలస్, కాలిన్, డెంటన్ కూడా ఉన్నాయి, కానీ ఆ పరీక్ష 24 ఏళ్ల దాకా ఉన్న బండ్లకే. 25 ఏళ్లు దాటింది కదా అని యాంటిక్ ప్లేటు తీసుకుంటే మాత్రం రోజూ వాడడం, సామాను లాగడం కుదరదు. మామూలు ప్లేటే ఉంచుకోండి.

ధర. మంచి మార్క్విస్ నాలుగు నుంచి ఆరు వేలకి దొరుకుతుంది, సాధారణంగా ఎవరో పెద్దాయన తక్కువ తిప్పి గరాజ్‌లో దాచుకున్నదే. రోడ్‌మాస్టర్ వ్యాగన్‌ని ఇప్పుడు సరదాకి కొనేవాళ్లు ఎక్కువయ్యారు. వీ92 ఉండి, తుప్పు లేకుండా, పంప్ పొడిగా ఉన్నది పది, పన్నెండు వేలకి వస్తే బేరం ఎక్కువ లాగకండి. చెక్క వినైల్ ఎంత మెరుస్తున్నా స్టిక్కర్ మీద వీ92 లేకపోతే నా దృష్టిలో అది 2,000 పౌండ్ల కారే, దానికి నేను ఆరు వేలు దాటి ఇవ్వను.